నేను కుట్టిన బొమ్మ

జిలానీ అన్నకు సలాం. మీ నాటకంలో అబద్ధపు సాక్షి వేషం వేసే చెల్లెలు, ఇక్కడే హాయిల్‌లో సౌదీ మేడం ఇంటి నుంచి రాస్తా ఉండాను.

చేతబడి చేసిందని ఊరంతా ఒక అమాయకురాలి మీద పడే నాటకం కదన్నా మనది. ఆ అమాయకురాలి వేషం నేనడిగితే ఆసిఫాకు ఇచ్చినారు. ఆమె కండ్లల్లోనే నిజం ఉండాదన్నారు. చేతబడి బొమ్మ కుట్టే పని మాత్రం నాకు చెప్పినారు. కుట్టి, సూదులు గుచ్చి, రిహార్సల్‌కు తెమ్మని ఆసిఫా సంచిలో పెట్టినా.

మేమిద్దరం పనిచేసేది ఒకే ఇంట్లో. ఆ ఇంటి పిల్లలు కూడా ఆమె పెడితేనే తింటారు. పోయిన బుధవారం చిన్నపాపకు జ్వరమొచ్చింది. అదే రోజు మేడం ఆ బొమ్మను చూసింది. నాటకం కోసమని ఆసిఫా ఏడుస్తా చెప్పింది. ఆ ఏడుపు కూడా ఎంత బాగుందో అని నాకు కడుపు మండింది. మేడం నన్ను పిలిచి నాటకం సంగతి నిజమేనా అని అడిగింది.

"నాటకమేదీ లేదు మేడం. ఆమె బొమ్మకు సూదులు గుచ్చుతా ఉంటే నా కండ్లతో చూసినా" అన్నా.

చేతబడి ఈ దేశంలో పెద్ద నేరం కదన్నా, ఆసిఫాను పోలీసులు తీసుకుపోయినారు. పాప ఇప్పుడు కూడా నా చేతి ముద్ద తినలేదన్నా.

రిహార్సల్ ఫోటోలు తీసుకొని తొందరగా పోలీసుల దగ్గరికి పోండి. వాటిల్లో నేనూ ఉండాను. అయినా చూపించండి.

"నా కండ్లతో చూసినా" అని నాటకంలో నేనంటే నమ్మబుద్ధి కాలేదని మీరు పదిసార్లు అనిపించినారు, గుర్తుందా అన్నా? మేడం ఒక్కసారికే నమ్మింది.