లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆ చోటు

2008 సెప్టెంబరు, శుక్రవారం రాత్రి, ఇర్వింగ్

మా బేస్‌బాల్ టీమ్‌లో గ్రౌండ్ ఎడమ పక్క చివర బంతులు పట్టే లెఫ్ట్ ఫీల్డర్ కుర్రాణ్ని ఉంచాలా, పంపెయ్యాలా అన్నది సోమవారం నేనిచ్చే రిపోర్టు మీదే ఉంది. మామూలు ఫీల్డర్ అందుకోగలిగిన బంతుల్లో అతను ఎన్నింటిని అందుకుంటున్నాడో వీడియోలు చూసి లెక్కకట్టడం నా పని. లెక్కలో బాగా వెనకబడ్డాడు. కానీ వదిలేసినవన్నీ మా గ్రౌండ్ చుట్టూ ఉన్న కంచె దగ్గర ఒకే చోట పడ్డ బంతులు. అనుమానమొచ్చి ఇవాళ మా గ్రౌండ్‌కొచ్చి ఆడిన పై ఊళ్ల టీమ్‌ల ఫీల్డర్లనీ వీడియోల్లో చూశాను. ఆ చోటి దగ్గర వాళ్లూ అంతే. పరిగెత్తుకొచ్చి, ఒక్క అడుగు ముందు ఆగిపోతున్నారు.

సాయంత్రం మాధవిని తీసుకుని ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లాను. ఆఫీసులో నా పక్క సీటు. కళ్లతో చూస్తే తప్ప దేన్నీ నమ్మదు. గడ్డి అంతటా ఒకేలా ఉంది. గుంట లేదు, రాయి లేదు. ఆ చోటు వైపు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను. ఆగాలని నేననుకోలేదు.

"యాక్టింగ్ ఆపవయ్యా, ఇంకొక్క అడుగే కదా!" అని నవ్వుతూ మాధవి కంచె వైపు నుంచి నాకెదురుగా వచ్చింది. మా మధ్య ఒక చాప పరిచేంత చోటు ఉందనగా ఆమె కూడా ఆగింది. నవ్వూ ఆగింది.

కారులో ఆమెను ఇంటికి తీసుకెళ్లాను. వాళ్లింటి ముందు దిగి, డోర్ పట్టుకుని అడిగింది.

"మరి రిపోర్టులో ఆ వదిలేసిన బంతులు ఎవరి పేరు మీద వేస్తావ్?"

"అక్కడ మనిద్దరి మధ్యా నిలబడి ఉన్నవాళ్ల పేరు మీద" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

ఆమె కారు డోర్ కూడా వెయ్యకుండా లోపలికి వెళ్లిపోయింది.