ముల్లు మీటర్ సున్నా చూపించింది

జూన్ 4, ఆదివారం

రాజులకు కొలువు కవులు ఉండేవారు, గొప్పలు రాయించుకునేవారు. నాకు ఈ డైరీ ఉంది.

పొద్దున వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చెయ్యి ఝుమ్మందని మా ఆవిడ అరిచింది. టెక్నికల్ స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు మీటర్ల ల్యాబ్ నడిపినవాణ్ణి పక్క గదిలోనే ఉన్నాను. ఆవిడ ఫోన్ చేసింది మాత్రం తన తమ్ముడికి. అదే స్కూల్లో నాకు రావలసిన హెడ్ కుర్చీలో పదకొండేళ్ళు కూర్చున్న మహానుభావుడు. నా రిటైర్మెంట్ సభలో నన్ను ముల్లు మాస్టారని పిలిచి చప్పట్లు కొట్టించుకున్నవాడు.

డిజిటల్ మీటర్ పట్టుకుని వచ్చాడు. వాషింగ్ మెషీన్ లైన్ బ్రేకర్ దించి, సాకెట్ విప్పి, ఫేజ్ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టాడు. 68 వోల్టులు. బావా, ఆపినా కరెంటు వస్తోంది, గోడ పగలగొట్టాల్సిందే అన్నాడు. ఆవిడ మొహం వాడిపోయింది. ఆ గోడకి మొన్ననే రంగు వేయించాం.

అంకెల తెర లేని నా పాత ముల్లు మీటర్ తెచ్చాను. సెలెక్టర్ ఏసీలో అన్నిటికన్నా పెద్ద రేంజికి తిప్పాను. నల్ల తీగ క్లిప్పుతో న్యూట్రల్‌కి తగిలించి, ఎర్రది కుడిచేత్తో పట్టుకున్నాను. ఎడమ చెయ్యి జేబులో. కరెంటుకి గుండె మీదుగా దారి ఇవ్వకూడదు. సున్నా.

అది దయ్యం వోల్టేజి అని చెప్పాను. ఒకే పైపులో పక్కన కరెంటు ఉన్న వైరు నీడ దీని మీద పడుతుంది. నీ డిజిటల్ మీటర్ కరెంటు దాదాపు తాగదు కనుక ఆ నీడని కూడా వోల్టులుగా లెక్కపెడుతుంది. నా ముల్లు కదలాలంటే కాస్త కరెంటు కావాలి, దయ్యం దగ్గర అది ఉండదు.

అయితే ముట్టుకో బావా, చూస్తాం అన్నాడు.

బుధవారం ముట్టుకుంటానన్నాను. ఆ రోజు మా అత్తగారు వస్తారు. తమ వంశంలో బుర్రంతా తన కొడుక్కే వచ్చిందని నలభై ఏళ్ళుగా అంటున్నారు. ఆవిడ ముందే ముట్టుకుంటాను.

జూన్ 5

ఆవిడ బట్టలు చేత్తో ఉతుకుతోంది. కావాలనే గట్టిగా బాదుతోంది.

జూన్ 6

బుధవారం ప్రసంగం సిద్ధం. ముల్లు మీటర్లో ముల్లు కింద సన్నని అద్దపు పట్టీ ఉంటుంది. ముల్లు తన ప్రతిబింబాన్ని పూర్తిగా కప్పేదాకా కన్ను జరుపుకోవాలి, అప్పుడు చదివిన అంకే నిజం. తన ప్రతిబింబం కనపడకుండా నిలబడటం మా బావమరిదికి ఈ జన్మలో చేతకాదు. ఈ వాక్యం రెండుసార్లు చెబుతాను.

జూన్ 7, మధ్యాహ్నం 3

ఇది రాస్తే నా పరువే పోతుంది. అయినా రాస్తాను.

పదింటికే బ్రేకర్ దించిపెట్టాను. బావమరిది వెంటబెట్టుకొచ్చిన అత్తగారిని పదకొండింటికి కుర్చీలో కూర్చోబెట్టాను. ప్రసంగం అయింది. మీటర్ పెట్టాను. సున్నా. అత్తగారికి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకోలేదు నాయనా అన్నారు. చూపుడువేలు చాచాను.

తెలిసిన చోట చూశారా అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

ఏమిటన్నాను. ఏళ్ళ తరబడి వరండాలో ట్యూషన్ పిల్లలకి గొంతు చించుకుని చెప్పేవారుగా అంది. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట చూడు, తర్వాత తెలియని చోట చూడు, మళ్ళీ తెలిసిన చోట చూడు. కూరలు తరుగుతూ విని విని నాకే కంఠతా వచ్చేసింది, మీకు మాత్రం అక్కర్లేదా అంది.

ఒళ్ళు మండింది. ఆవిడ నోరు మూయించడానికే వెళ్ళాను. క్షణం క్రితం దాకా తిరిగిన మిక్సీ ప్లగ్గు పీకి, ఆ సాకెట్‌లో పెట్టాను.

సున్నా.

నా మీటర్ ఎర్ర తీగ లోపల తెగిపోయి ఉంది. పైన తొడుగు నిగనిగలాడుతోంది. ఎప్పుడు తెగిందో తెలియదు. ఆదివారం నేను మీసం మెలేసిన సున్నా కూడా ఆ తెగిన తీగదే కావచ్చు.

బావమరిది తన మీటర్ తెచ్చాడు. మిక్సీ సాకెట్‌లో 231. నేను వేలు పెట్టబోయిన వైరులో 231.

హాల్లో ఫోన్ ఛార్జి ఎక్కట్లేదని ఇందాకే బ్రేకర్ ఎత్తాను, నువ్వు దించావని తెలీదు బావా అని వాడే గొణిగాడు. అత్తగారు కొడుకుని వెధవా అన్నారు. నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట. తెగిన తీగని చుట్ట చుడుతూ విన్నాను.

జూన్ 8

మీటర్‌కి కొత్త తీగలు కొన్నాను. బ్రేకర్ దించి దాని మీద, దీన్ని ఎత్తినవాడు నా పగవాడు అని చీటీ అంటించాను. బావమరిది దాని కింద సంతకం పెట్టి, తన ఛార్జర్ పీకేశాడు.

తెలిసిన చోట 230. ఆ వైరులో సున్నా. తెలిసిన చోట 230. వాడి మీటర్లో మళ్ళీ 68. దయ్యమే. గోడ బతికింది. ఝుమ్మన్నది సాకెట్‌లో ఊడిన ఎర్త్ వైరు వల్ల. స్క్రూ బిగించాను, అంతే.

బావా, నువ్వే కరెక్ట్ అన్నాడు. ఈ మాటకి పదకొండేళ్ళుగా జవాబులు కూడబెట్టాను. అన్నీ ఘాటైనవే. తీరా విన్నాక, కాఫీ తాగుతావా అన్నాను.

జూన్ 9, ఉదయం 6

తెలిసిన చోట చూశాను: ఆవిడ వంటింట్లో ఉంది. తెలియని చోట చూశాను: నా మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోంది. మళ్ళీ తెలిసిన చోట చూశాను. ఏంటండీ ఆ చూపు, ఆ చెంబిలా ఇవ్వండి అంది.