ధనుంజయుడు పోయించిన డీజిల్

తమ్ముడూ సూర్యం,

కారు కొన్న రోజున, ఊళ్ళోవాళ్ళెవరినీ అందులో ఎక్కించుకోనని నాకు మాటిచ్చావు. నెల తిరక్కుండానే తప్పావు. ఆఖరికి ధనుంజయుడి కోడలికి నొప్పులొస్తే టెక్కలి ఆసుపత్రిలో దింపి, తిరిగొస్తూ కోటబొమ్మాళి దగ్గర లారీ కింద పోయావు.

సొంత కారును కిరాయికి తిప్పావంటూ బీమా కంపెనీ సొమ్ము ఇవ్వనంది. వాళ్ళ మనిషి విచారణకు వస్తే ధనుంజయుడు, "ఉట్టినే ఎక్కుతామేటి? డీజిల్ మేమే పోయించినాం" అని గొప్పగా చెప్పాడట. ఒకరి బండెక్కితే డీజిల్ పోయించడం మన వైపు మర్యాద. అది కంపెనీకి కిరాయిగా కనబడింది. శ్రీకాకుళం వినియోగదారుల ఫోరంలో కేసు వేశాను. గెలిస్తే కారు అప్పు తీరి, నీ భార్యకు కొబ్బరితోట మిగిలేది.

ఇవాళ ధనుంజయుణ్ణి సాక్ష్యానికి తీసుకెళ్ళాను. "అది కిరాయి కాదని సెప్పు, సాలు" అని దారి పొడవునా బతిమాలాను. "అలాగే బావా" అన్నాడు. తీరా అక్కడ కంపెనీ లాయరు, "అయితే ఊరికే ఎక్కారా?" అని నవ్వాడు. దాంతో ఇతగాడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఉట్టినే ఎక్కే రకం కాదు బాబూ! కిరాయే అనుకో, ఏటైనా అనుకో, ఇచ్చీసినాం."

ఇక ఆశ లేదన్నాడు మన లాయరు.

తిరుగు బస్సులో నేను జేబు తడుముకునేలోగా నా టిక్కెట్టూ ధనుంజయుడే తీశాడు. తోట బేరానికి రేపు మనుషులొస్తున్నారు. నిన్ను గుద్దిన లారీవాడి మొహం నేను చూడలేదు. రోజూ చూడాల్సింది ధనుంజయుడి మొహం.