మాత్ర ఎవరికి

ఇర్వింగ్,
నవంబర్ 9, 2025

చిరంజీవి సాత్విక్‌కి,

జగదీష్ అంకుల్ ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమం అని రాయబోయి ఆగాను. ఒంట్లో బాగానే ఉంది. మిగతాది చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్విప్పుడు శాంటా క్లారాలో మీ అక్క దేదీప్య దగ్గర ఉంటున్నావని తెలిసి, ఆ అడ్రస్ నీ రూమ్మేట్ పవన్‌ని బతిమాలి తీసుకున్నాను. అతన్ని ఏమీ అనకు.

మన ఆదివారం అద్వైతం క్లాసు ఆగిపోయింది. పోయినేడు నువ్వు ఆసుపత్రి పాలయ్యాక ఒక్కొక్కరే రావడం మానేశారు. రెండు నెలలపాటు మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బుక్ చేస్తూనే ఉన్నాను. ఒక్కణ్ణే కూర్చుని, పుస్తకం మూసి వచ్చేవాణ్ణి. ఇప్పుడు వారం మొత్తంలో నా గొంతు నాకు వినబడేది ఆఫీస్ కాల్స్‌లోనే.

ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి నిద్ర పట్టడం లేదని, డాక్టర్ డిప్రెషన్‌కి మాత్రలు రాశారని, వేసుకోవచ్చా అని ఒకరోజు అందరి ముందూ అడిగావు. నేను నవ్వాను. "మాత్ర ఎవరికి సాత్విక్? మనసుకా, నీకా? నువ్వు మనసు కాదు కదా" అన్నాను. అందరూ తలలు ఊపారు. అది నాకెంతో బాగుంది. నువ్వు ఆ రోజే మాత్రలు మానేశావు. మూడు వారాలకి పవన్ నిన్ను ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. కబురు తెలిసి నేను ఆసుపత్రి పార్కింగ్ దాకా డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. గంటసేపు కార్‌లోనే కూర్చుని, "నువ్వు సాక్షివి, చూసేవాడికి ఏమీ కాదు, ధైర్యంగా ఉండు" అని మెసేజ్ పెట్టి వెళ్లిపోయాను.

ఏప్రిల్ నుంచి జోసఫిన్ గారనే కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. కాకినాడ ఆవిడ, చర్చికి వెళ్తారు. నా వేదాంతాన్ని తప్పుపడతారేమోనని మొదటిరోజే ఆవిడకి పెద్ద పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, పోయిన మా ఆవిడ గిరిజ గురించి అడిగారు. గిరిజ సంతాపసభలో నేను కంటతడి పెట్టకుండా ఆత్మకి చావు లేదని మాట్లాడానని, అందరూ నా నిబ్బరాన్ని మెచ్చుకున్నారని, క్లాసు మొదలైంది అప్పుడేనని చెప్పాను. ఆవిడ, "సాక్షి చూస్తున్నాడు, సరే. ఏడవాల్సినవాడి పక్కన ఎవరున్నారండీ?" అన్నారు.

గిరిజ పోయిన నాలుగేళ్లకి, ఆ గదిలో ఏడ్చాను.

అద్వైతం అబద్ధమని ఇప్పటికీ అనను. ఆవిడా అనలేదు. కానీ ఉన్నది ఒక్కటే అయితే, నీ బాధ నాది కూడా కావాలి కదా. నేనేమో అది నీది కూడా కాదన్నాను.

జవాబు రాయకపోయినా తప్పుపట్టను. డాక్టర్ చెప్పినట్టు విను.

నీ మేలు కోరే
జగదీష్

తా.క.: అంటించిన కవరు విప్పి ఇది రాస్తున్నాను. జోసఫిన్ గారికి తప్ప ఎవరికీ తెలియదు. గిరిజ పోయిన ఆరో నెల నుంచీ నేనూ మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు ఆ రోజు మందు పేరు చెప్పగానే గుర్తుపట్టాను. అదే మందు. పొద్దున్నే కాఫీ తాగి, అది వేసుకునే క్లాసుకి వచ్చాను.