నీ నోట ఆ మాట

కింగ్‌స్టన్, మంగళవారం

తమ్ముడూ లాసెల్స్,

ఇన్నేళ్ళకు లండన్ నుంచి వచ్చి మన పేటలో పాడుతున్నావు. శనివారం ముందు వరుసలో నాకు కుర్చీ వేయిస్తానన్నావు. వస్తాను. కానీ ఒకటి అడగాలి. నువ్వు మరిచిపోయావేమోనని కొన్నాళ్ళు, మరిచిపోతే బాగుండునని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆనాడు రెండు సౌండ్ సెట్ల మధ్య, మోగే రికార్డు మీద మాటలు కట్టి ఒకరినొకరు దెప్పుకునే పోటీ. నీకెదురుగా మైకు పట్టుకున్న డీజే నా భర్త ఎజికీల్. జనం అతని వైపు మొగ్గుతున్నారు. అప్పుడు నువ్వు రెగ్గే రికార్డు తాళం మీద, "పుట్టిన బిడ్డే ఏడవలేదు, వీడేం పాడతాడు?" అన్నావు. నా పాపను మట్టిలో పెట్టి నెల కూడా కాలేదు. జనం మెచ్చి రేకుల కంచె దబదబా బాదారు. వాళ్ళు బాదితే రికార్డు మీది ముల్లు ఎత్తి మళ్ళీ మొదటినుంచి వేయాలి కదా, వేశారు. మళ్ళీ అన్నావు. అమ్మ కూడా కంచె బాదింది. గెలుస్తున్నది కొడుకు కదా. ఎజికీల్ ఆ తర్వాత మైకు పట్టలేదు, నా గడపా తొక్కలేదు. ఆ మాటే రికార్డయి నిన్ను లండన్ దాకా మోసుకెళ్ళింది.

శనివారం ఒక్కరోజు ఆ మాట నీ నోట రాకూడదు. ఎక్కువ అడుగుతున్నానేమో, తెలియదు.

నీ అక్క,
వెరోనా

అక్కా,

ఇంకా అక్కడే ఉన్నావా! పోటీలో అన్నది పోటీతోనే సరి. బావ నా మెల్లకన్ను మీద ఎన్ని మాటలు కట్టాడో గుర్తులేదూ? సరేలే, అమ్మ మీద ఒట్టు, నా నోట ఒక్క ముక్క రాదు. ఆ పసుపు గౌను వేసుకుని రా. కాలేజీలో పాఠం చెప్తున్నట్టు బిగుసుకుని కూర్చోకు.

లాసెల్స్

లాసెల్స్,

ఒట్టు నిలబెట్టుకున్నావు. తాళం అక్కడికి రాగానే నోరు మూసుకుని, నవ్వుతూ, మైకు జనం వైపు చాపావు. మైదానమంతా ఒక్క గొంతుతో ఆ మాట అంది. మళ్ళీ అడిగారు, మళ్ళీ చాపావు. పక్కన వేయించిన చేప తింటున్న పిల్ల నా మోచేయి పొడిచి, "ఏంటాంటీ, మీకు రాదా? మా ఇంట్లో చిలక్కి కూడా వచ్చు!" అంది. దానిమీద కోపం రాలేదు. పాటలో ఆ బిడ్డ ఎవరిదో దానికేం తెలుసు?

అప్పుడు నువ్వు వంగి మైకు నా ముందు పెట్టావు. ప్రేమతోనే పెట్టావేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందరూ నావైపే చూస్తున్నారు.

అన్నాను, లాసెల్స్. తాళం తప్పకుండా అన్నాను.

వెరోనా