మాట్లాడని సోమవారం

కుంఠా నాకా, సోలాపూర్
14 ఆగస్టు 2025

నా స్వాతికి,

ఆరతి ప్రేమతో రాస్తున్నది. మార్కండేయుని దయవల్ల ఇక్కడ ఇంటిల్లిపాదీ బాగున్నాం. భివండీలో నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లోనే చెప్పొచ్చు కదా అంటావేమో. చెప్తే సగంలోనే నవ్వేసి నా కథ నువ్వే ముగిస్తావు. అందుకే కాగితం తీశాను.

ఆషాఢంలో మా ప్రణాలికి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో దాని మంచం పక్కన కూర్చుని కూడా నేను కొత్త బొంతకు బొమ్మలు గీస్తుంటే, మా అత్తమ్మ యమునాబాయి నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుంది. "పిల్ల మొఖం సూడవే ముందుగాల" అన్నది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ క్షణంలోనే మొక్కుకున్నాను: పిల్ల లేచి తిరిగితే శ్రావణ సోమవారాలు కత్తెర పట్టను, సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టేదాకా నోరు విప్పను అని. పిల్ల లేచింది. మొక్కు సంగతి చెబితే అత్తమ్మ, "నువ్వా? మాట్లాడకుంటనా? సూస్తం గద" అన్నది.

మనిద్దరం చాదర్లు నేయగా మిగిలిన చిందీ ముక్కలతో మొదలుపెట్టిన బొమ్మల బొంతల కార్ఖానా ఈమధ్య ఎంత కుంటుతున్నదో నీకు తెలుసు. పుణెలో చేతిపనుల దుకాణం నడిపే ఉజ్వలాతాయి ఆర్డరు ఇస్తే నిలబడతాం, లేకపోతే దీపావళికి తాళం వేస్తాం. అప్పుడు మన దగ్గర కుట్టే ఎల్లమ్మ వాళ్లంతా మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవాల్సిందే. మా ఆయన ఋషికేశ్ పవర్‌లూమ్ షెడ్డు నుంచి వస్తూ వస్తూ చిందీ మూట మోసుకొస్తూనే, ఇంకెన్నాళ్లు ఆరతీ అని మెల్లగా అడుగుతున్నాడు. అత్తమ్మ సంగతి సరేసరి. ఆమె నోట మన కార్ఖానా పేరు 'చిందీల దుకాణం'. గడప దాటి లోపలికి వచ్చింది లేదు.

రెండో శ్రావణ సోమవారం పొద్దున ఉజ్వలాతాయి కారు మన గల్లీ మొదట్లో ఆగింది!

దండం పెట్టాను, నవ్వాను, మళ్లీ దండం పెట్టాను. ఆమె నన్ను చూసి చిన్నగా నవ్వింది. పలక మీద రాసి చూపిద్దామని ప్రణాలి పలక అందుకున్నాను. అత్తమ్మ అదీ లాక్కుంది. "రాసుడు గూడ మాట్లాడుడే" అన్నది. తర్వాత ఉజ్వలాతాయి వైపు తిరిగి, మా కోడలికి మౌనం ఉంది, ఏం కావాలన్నా నన్ను అడుగు అన్నది. ఆ తర్వాత మాటలన్నీ మరాఠీలోనే జరిగాయి. నీకు మన మాటల్లో రాస్తున్నాను.

కార్ఖానాలోకి మొదటిసారి అడుగుపెట్టిన అత్తమ్మ పెద్ద బొంత తీసి నేల మీద పరిచింది. మన గల్లీ బొంత, మన ఇళ్లూ మనుషులూ మేకలూ బొమ్మలుగా కుట్టినది. ఉజ్వలాతాయి వంగి చూసింది. కుట్టు చాలా బాగుంది, కానీ బీడీలు చుట్టే ఆడవాళ్లను ఎవరు గోడకు తగిలించుకుంటారు, నెమళ్లూ ఏనుగులూ వేయండి, అన్నీ తీసుకుంటాను అన్నది.

స్వాతీ, నీతో దాపరికం ఎందుకు? నా తల అప్పటికే సరే అని ఊగుతోంది. అది కనబడకుండా అత్తమ్మ నాకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నెమలి మా గల్లీకి ఎన్నడు రాలె తాయీ. మేకలంటవా, ఎన్నైన కుట్టిపిస్త. ఇగో, గీ మేక మాదే. ఎల్లమ్మ నానబెట్టుకున్న తునికాకంత తిన్నది. గీమె ఎల్లమ్మ, మేక ఎంట ఉరుకుతున్నది. ఇగ గీ నడుం వంగి కూసున్నది నేను. ఇంట్ల ఇరవై ఏండ్లు బీడీలు చేసిన. నడుం గిట్లనే అయింది."

ఆ బొమ్మ ఆమెదే అని నేను ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. గొంతులో మాట ఉండీ పలకలేని కష్టం అప్పుడు తెలిసింది. కళ్ల నీళ్లు మాత్రం ఆగలేదు. మొక్కులో వాటి ఊసు లేదులే.

ఉజ్వలాతాయి చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది. ఈ తలుపు ఎవరిది, ఆ పిల్లి ఎవరిది అని అడుగుతూ పోయింది. అత్తమ్మ ఆమెకు సగ్గుబియ్యంతో చేసిన సాబుదాణా ఖిచిడీ పెట్టింది. చివరికి ఆమె గల్లీ బొంతలే కావాలి, ఒక్క బొమ్మ కూడా మార్చొద్దు అన్నది. కాకపోతే మొదటి విడత శనివారానికి పుణె చేరాలట, ప్రదర్శన ఉందట.

"శనివారం నారళీ పున్నం. మా నేతోళ్ల దేవుడు మార్కండేయుని రథం ఎల్లే దినం. ఆ దినం మా దిక్కు మగ్గమే ఆగుతది, సూది ఎట్ల నడుస్తది?" అన్నది అత్తమ్మ.

అయిపోయింది, చేతికొచ్చిన ఆర్డరు జారిపోయింది అనుకున్నాను. ఉజ్వలాతాయి బయటికి వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. తిరిగి వచ్చి, ప్రదర్శన చివరి రోజుల కోసం ఆ మరుసటి వారం పంపినా చాలు అన్నది.

ఆ సాయంత్రం దీపం పెట్టగానే మొదటి మాటగా అడిగాను, ఆ నడుం వంగిన బొమ్మ నీదని ఎట్ల తెల్సింది అత్తమ్మా అని. "నువ్వు అశోక్ చౌక్ పోయినప్పుడల్ల లోపటికొచ్చి సూస్త. నా ముక్కు జర పెద్దగ కుట్టినవ్" అన్నది.

పున్నమి నాడు అందరం రథం వెంట నడిచాం. నా చేతిలో కత్తెర లేదు, మనసులో లెక్కలూ లేవు. ప్రణాలిని ఋషికేశ్ భుజం మీద ఎక్కించుకున్నాడు. ఎల్లమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది. నిన్నటితో మొదటి విడత పుణె వెళ్లిపోయింది. ఇప్పుడు అత్తమ్మ రోజూ కార్ఖానాలో కూర్చుని అందరి కుట్టుకూ వంకలు పెడుతోంది. నువ్వు వచ్చినప్పుడు నీకూ పెడుతుంది, సిద్ధంగా ఉండు.

మీ అత్తగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

నీ
ఆరతి

తా.క.: కవరు అంటించబోతుంటే ఉజ్వలాతాయి ఫోన్ చేసింది, బొంతలు చేరాయని. మాటల్లో మాటగా, ఆ రోజు చెప్పకుండా వచ్చి ఇబ్బంది పెట్టారు తాయీ అన్నాను. ఆమె నవ్వింది. చెప్పకుండా ఏం రాలేదట. ఎప్పుడు రమ్మంటారని ముందే ఫోన్ చేస్తే అత్తమ్మే ఎత్తిందట. "సోమారమే రా తాయీ. మా కోడలు ఆ దినం మాట్లాడది. మాట్లాడిందంటె నువ్వు ఏమన్న సరే అంటది. ఎంత మంచిగ చేస్తదో ఆమెకే తెల్వది" అన్నదట. ఈ సంగతి నాకు తెలిసిపోయిందని అత్తమ్మకు చెప్పలేదు. రేపు కొల్హాపూర్ నుంచి ఇంకొకరు బొంతలు చూడడానికి వస్తున్నారు. ఆ వేళకు నేను దారాలు తెస్తానని చెప్పి జోడ్‌భావి పేట్ బజారుకు వెళ్లిపోతున్నాను.