పింకీ నీలిమణి ఉంగరం

కొత్తపేట,
గురువారం సాయంత్రం.

బంగారు తల్లి పింకీకి,

మీ అమ్మ ముద్దులతో, దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ దేవుని దయవల్ల కులాసా. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాం.

కిందటి ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబులు. పెరట్లో పనస బాగా కాసింది. పొట్టు కొట్టి కూర చేస్తే మీ నాన్నగారు రెండు పూటలా అదే తిన్నారు. జెస్సీ వాళ్ళ నాన్నగారితో నువ్వు పంపిన చుడీదార్లు రెండూ చెప్పినట్టే రెండేసి అంగుళాలు లోపలికి పట్టాను. జెస్సీ అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. ఆ వాగుడు ఏమీ తగ్గలేదు. ఇక నీ గేమ్. నీ ఫోను నాకిచ్చి, రోజూ గేమ్ తెరిచి ఆ రోజు కానుక తీసుకుని మూసేయమన్నావు. తెరవడం ఒక్క రోజూ మానలేదు. మూసేయడం దగ్గరే నీ మాట తప్పాను.

ఏం చెయ్యను? నిన్న మధ్యాహ్నం గేమ్ తెరిచేసరికి జెస్సీ మైకులో పలకరించింది. "పింకీ హాస్టల్లో ఉంది కదా, ఎవరిది?" అంది. నేనేనమ్మా అన్నాను. "ఆంటీ మీరా! అయితే మీరే రండి. మంచుకోట దగ్గర చచ్చిపోతున్నామండీ" అంది. నోరు తెరిచి పిలిచిన పిల్లకి రానని ఎలా చెప్తాం? సరే, నలుగురిలోకి బోసి చేతులతో వెళ్ళడం ఏం బాగుంటుందని, గేమ్‌లో నీ పెట్టెలో ఉన్న నీలిమణి ఉంగరం తీసి నీ తెల్లజుట్టు మంత్రగత్తె వేలికి తొడిగాను. ఎనిమిది నెలలు కష్టపడి సంపాదించావనీ, ముట్టుకోవద్దన్నావనీ గుర్తుంది. కాసేపు పెట్టి తీసేద్దామనుకున్నాను. దాని కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. చత్వారం కదా, చదవలేదు.

అబ్బ, ఏం మంత్రమే అది! అగ్గిపుల్లంత వచ్చే నిప్పు పొయ్యి మంటంత వచ్చింది. మంచు భూతం కూలిపోయింది. "సూపరండీ ఆంటీ! ఇంకోటండీ!" అని పిల్లలందరూ ఒకటే గోల. నాకూ తలకెక్కింది. రెండో భూతాన్నీ, మూడో భూతాన్నీ కొట్టాను. ఇంతలో ఎక్కడినుంచో అరచేతిలో పట్టేంత గబ్బిలం వచ్చి రెక్క తగిలించింది, అంతే. నీ మంత్రగత్తె పడిపోయింది. ఉంగరం ముక్కలైపోయింది.

"ఇంత గబ్బిలానికేనా జెస్సీ?" అన్నాను.

"ఆయ్! ఆ ఉంగరం పెట్టుకుంటే మంత్రం రెండింతలవుద్దండీ, ప్రాణం సగమైపోద్దండీ. పైన ప్రాణం చూపించే ఎర్రగీత చూసుకోలేదాండీ?"

"లేదమ్మా. బాగా కొడుతోంది కదా అని అదే చూస్తున్నాను" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అని, నువ్వు గుర్తొచ్చి, ఫోను పక్కన పెట్టేశాను.

ఉంగరం విరగ్గొట్టినందుకు నన్ను తిట్టు, పడతాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. నిద్ర పట్టడం లేదనీ, అన్నం చూస్తేనే వాంతి వస్తోందనీ, వచ్చి తీసుకుపొమ్మనీ నువ్వు మూడు ఉత్తరాలు రాశావు. ఆ మూడూ మీ నాన్నగారికి చూపించలేదు. కుట్టుమిషన్ సొరుగులో గుడ్డముక్కల కింద దాచాను. పింకీ ఏం రాసిందని ఆయన అడిగిన ప్రతిసారీ, ఈసారి కూడా ఫస్టేనని చెప్పాను. ఆదివారం స్త్రీల సమాజంలో అందరూ "మీ అమ్మాయి డాక్టరమ్మేనండీ" అంటుంటే పొంగిపోయి కూర్చున్నాను. రోజూ పదిమందికి కొలతలు తీసేదాన్ని, ఆడపిల్ల రెండంగుళాలు చిక్కిందంటే నాకు తెలియదా? తెలిసే కుట్టాను. నన్ను క్షమించు తల్లీ.

ఉత్తరాలు తీసి మళ్ళీ చదువుకుని చాలా ఏడ్చాను. మీ నాన్నగారు స్కూలు నుంచి రాగానే ఆయన చేతిలో పెట్టాను. చదివి, "నాకెందుకు చూపించలేదు సత్యవతీ? మార్కులు తెమ్మని నేనడిగేనా దాన్ని?" అన్నారు. ఆయన అప్పుడే హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి సెలవు అడిగారు.

అందుకే ఇది పోస్టులో వెయ్యడం లేదు. రేపు పొద్దున్నే రావులపాలెంలో బస్సెక్కుతున్నాం. ఎల్లుండి శనివారం, వాడపల్లి వెంకన్న గుడికెళ్ళే జనంతో అక్కడ కాలు పెట్టలేం. ఎదురుగా అడిగితే మా మొహాలు చూసి "ఉంటాలే అమ్మా" అనేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. కాబట్టి ఈ ఉత్తరం వార్డెన్ గారికిచ్చి మేం గేటు బయటే ఉంటాం. నీ గదిలో కూర్చుని నిదానంగా చదువుకో. ఉండాలనుంటే ఊరికే రా, కడుపునిండా భోజనం పెట్టించి మళ్ళీ దింపుతాం. వచ్చేయాలనుంటే పెట్టె సర్దుకుని రా. ఎందుకని ఎవరూ అడగరు.

మీ నాన్నగారు తిరుగు ప్రయాణానికి మూడు టిక్కెట్లు తీసేశారు. "రానంటే ఒకటి పోద్ది, పోనీ" అన్నారు.

ఇట్లు,
గేటు బయట నిలబడి ఉన్న
మీ అమ్మ